మా అమ్మాయింట్లో నీలవేణి

ఇంట్లో ఏ మూల సాలెగూడు కనబడినా బూజుకర్ర పట్టుకుని బయలుదేరే మనిషిని నేను. సంక్రాంతి ముందు బూజులు దులిపేటప్పుడు సాలీడు జారి భుజం మీద పడిందంటే తలస్నానం చేసిగానీ మళ్లీ పని ముట్టుకునేదాన్ని కాదు. సాలీడు ఒంటిమీద పాకితే పొక్కులొస్తాయని చిన్నప్పుడు మా నాయనమ్మ అన్న మాట అలాగే ఉండిపోయింది మనసులో. పైగా నరసరావుపేటలో మావారిది పురుగుమందుల కొట్టు. పత్తికీ మిరపకీ పట్టిన పురుగుల్ని చంపే డబ్బాలు అమ్ముడుపోతేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అలాంటి నేను అమెరికా వెళ్లి ఆరు నెలలు రెండు సాలీళ్ళని సాకి వచ్చానంటే మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు. అవీ అలాంటిలాంటి సాలీళ్ళు కావు. కాళ్లు చాపితే అన్నం తినే పళ్లెంలో సగం ఆక్రమించేంతవి. వాటిని టరంటులాలు అంటారు.

2023 ఆగస్టులో మా అమ్మాయికి పురుడు పోయడానికి టెక్సాస్ వెళ్లాను. డాలస్ పక్కన వాళ్ల ఇల్లు. పెట్టెల నిండా కాయం, శొంఠిపొడి, వెల్లుల్లి కారం, సాంబ్రాణి, పాత చీరలు చింపిన మెత్తటి గుడ్డలూ. నేను వెళ్లిన నాలుగోరోజునో అయిదోరోజునో పక్కింటావిడ వచ్చింది. నా ఈడుదే. వాళ్లబ్బాయి వేరే రాష్ట్రంలో కాలేజీలో చేరాడట. హాస్టల్లో జంతువుల్ని ఉంచుకోనివ్వరు. వాడు ముచ్చటపడి పెంచుకున్న రెండు సాలీళ్ళూ గాజుపెట్టెల్లో ఇంట్లోనే ఉండిపోయాయి. ఈవిడకేమో ఆ గదిలో అడుగు పెట్టాలంటేనే వణుకు. ఎవరెవర్నో అడిగిందట. కుక్కపిల్లంటే తీసుకుపోతారు గానీ సాలీణ్ణి ఎవరు తీసుకుంటారు? శనివారం లోపల ఎవరూ రాకపోతే పెట్టెలతో సహా ఫ్రీజర్లో పెట్టేస్తానంది. అలా చేస్తే నొప్పి తెలియకుండా పోతాయని ఎవరో చెప్పారట. ఆ మాట చెబుతూ తనే కళ్లు తుడుచుకుంది. కొడుకు ఊరెళ్లి పదిరోజులే అయింది మరి. ఆ ఏడుపు సాలీళ్ళ కోసం ఎంతో, కొడుకు కోసం ఎంతో నాకు తెలియకపోలేదు.

మా అల్లుడు ఆ కుర్రాడితో కూర్చుని ఆ పెట్టెల్లోకి చూస్తూ గంటలు గడిపిన మనిషేనట. తీసుకురావాలని ఆయనకుంది. నోరు విప్పి అనలేడు. అమ్మాయి తనకు భయం లేదంటూనే పొట్ట మీద చెయ్యి వేసుకుంది. చివరికి ఆయన, "అత్తయ్యా, మీరు వద్దంటే తీసుకురాను" అని భారం నా మీద పెట్టేశాడు. ఇంతలో గురజాల నుంచి మా వియ్యపురాలి ఫోను. "ఏంది వదినా, పసిబిడ్డ పుట్టబోయే ఇంట్లోకి విషప్పురుగులా? పెద్దదానివి, నువ్వన్నా చెప్పొద్దా?" అని. చెబుదామనే అనుకున్నాను. ఒకసారి చూసి, ఛీ అనేసి వచ్చేద్దామని పక్కింటికి వెళ్లాను.

మొదటి పెట్టెలోది మట్టిరంగులో, ముసలమ్మలా ఒక మూల కదలకుండా కూర్చుని ఉంది. చిలీ దేశపుదట. రెండో పెట్టె నిలువుగా ఉంది. అందులో నిలబెట్టిన చెట్టుబెరడు తప్ప ఏమీ కనిపించలేదు. పెట్టె మీద ఆ కుర్రాడు అంటించిన చీటీ మాత్రం ఉంది. నాకొచ్చిన ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో కూడబలుక్కున్నాను. జి, రెండు ఓలు, టి, వై. పక్కింటావిడ దాన్ని 'గూటీ' అని పలికింది. నా కళ్ల ముందు మాత్రం పసుపుపచ్చ రైల్వే బోర్డు మెదిలింది. అదే స్పెల్లింగు! మా మేనత్తగారి ఊరు వెళ్లడానికి చిన్నప్పుడు ఎన్నిసార్లు దిగామో ఆ స్టేషన్లో. "ఇది గూటీ కాదండీ, గుత్తి! అనంతపురం జిల్లా గుత్తి! మాది!" అన్నాను. ఇంగ్లీషులో అన్నానో తెలుగులో అన్నానో కూడా గుర్తులేదు.

ఆ రాత్రి అల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ జాతి గురించి మొదటిసారి రాశాడట. అదీ ఒకే ఒక్క సాలీణ్ణి చూసి. అది దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ఆ ఊరి పేరు దానికి అంటుకుంది. ఆ తరువాత 102 ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు. 2001లో మళ్లీ కనబడింది, గుత్తిలో కాదు, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో. అంటే పాపం గుత్తి దాని సొంత ఊరు కాకపోవచ్చు, కలప దుంగల్లో కూర్చుని రైలెక్కి వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు.

గిద్దలూరు, నంద్యాల అనేసరికి నేను లేచి కూర్చున్నాను. నరసరావుపేటలో రైలెక్కితే వినుకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, నంద్యాల. అది మా లైనే కదా! మహానందికి ఎన్నిసార్లు వెళ్లలేదూ! పులిహోర పొట్లాలు విప్పుకు తింటూ కిటికీలోంచి చూసిన ఆ అడవిలో, ఆ చెట్ల తొర్రల్లో ఇవి కూర్చుని ఉన్నాయన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పాడు. అది మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. 2008లో దీన్ని ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారట. అప్పటి లెక్క ప్రకారం అది ఉన్న అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అదైనా కలపకీ వంటచెరుకుకీ కొట్టుకుపోగా మిగిలిన అడవి. నా చిన్నతనంలో మా ఇంట్లో కట్టెల పొయ్యే. అడితి నుంచి బండెడు కట్టెలు తెచ్చి వసారాలో పేర్చేవాళ్లం. తొర్రపడ్డ దుంగైతే తొందరగా అంటుకుంటుందని అమ్మ ముందు దాన్నే తీసేది. ఆ కట్టె ఎక్కడి చెట్టో, ఆ తొర్ర ఎవరి ఇల్లో ఏనాడైనా అడిగామా? అడిగితే మాత్రం అన్నం ఎలా ఉడుకుతుంది, అదీ నిజమే. గ్యాస్ పొయ్యి వచ్చాక ఇలాంటి మాటలు మాట్లాడటం సులువు.

శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' అంటే సాలీడే కదా. శివుడికి గూడు అల్లి సేవ చేసుకున్న ప్రాణి. కోటప్పకొండ దేవుణ్ణి కొలిచే ఇంటిదాన్ని, మా రైలు దారిలో పుట్టిన జాతిని ఫ్రీజర్లో పెట్టనిచ్చి, తెల్లవారి దీపం ఎలా పెట్టుకుంటాను? "తీసుకురండి బాబూ. ఒకటి తెచ్చి ఒకటి వదిలేస్తే బాగుండదు, రెండూ తీసుకురండి" అన్నాను. వియ్యపురాలికి మాత్రం చాలా రోజులు చెప్పలేదు.

ఇహ వాటి కాపురం సంగతి. మేడ మీద చిన్నగది ఖాళీ చేశాం. తలుపుకి పైన గడియ పెట్టించాను. పాప ఆ గదిలోకి రాకూడదు, ఆ గదిలో చెయ్యి పెట్టినవాళ్లు సబ్బుతో కడుక్కోకుండా పాపను ఎత్తుకోకూడదు. ఈ రెండూ నా షరతులు. ముసలమ్మకి అడ్డంగా, నేలబారుగా ఉండే పెట్టె. గుత్తిదానికి నిలువు పెట్టె. ఎందుకంటే ఇది చెట్టెక్కే జాతి, నిలబడ్డ బెరడు గొట్టం ఉంటేనే దానికి ఇల్లన్నట్టు. అడుగున వెయ్యడానికి అల్లుడు కొట్లోంచి ఒక ఇటుకలాంటిది తెచ్చాడు. నీళ్లు పోస్తే పొంగి బకెట్టెడు అయింది. చూద్దును కదా, కొబ్బరిపొట్టు! మన దగ్గర పెరట్లో పారేసేది అక్కడ డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. నీళ్లకి ఒక సీసామూత చాలు. వేడి దీపాలూ అవీ అక్కర్లేదు, మనుషులకి హాయిగా ఉండే వేడే వాటికీ సరిపోతుంది. ఎండ సూటిగా పడే కిటికీ పక్కనా, ఏసీ గాలి కొట్టే చోటా పెట్టకూడదు, అంతే.

తిండి వారానికి ఒకసారి, ఒకటో రెండో కీచురాళ్ళు. కొట్లో డబ్బాలో పోసి అమ్ముతారు. ఆ డబ్బా ఇంట్లో ఉన్న రాత్రి నిద్రపోతే ఒట్టు, మన ఊళ్లో వానాకాలం పొలం గట్టున పడుకున్నట్టే ఉంటుంది. ఇంట్లో బొద్దింక దొరికితే అది పెట్టవచ్చు కదా, డబ్బు కలిసొస్తుంది అన్నాను. వద్దన్నాడు అల్లుడు. అది ఎక్కడ మందు తిని వచ్చిందో తెలియదు, ఆ మందు దీని పొట్టలోకి పోతుంది అన్నాడు. పురుగుమందుల కొట్టు యజమాని భార్యకి ఆ ముక్క తట్టనందుకు సిగ్గేసింది.

చేత్తో పట్టుకోవడం అనేది లేదు. చిలీ ముసలమ్మకి కోపం వస్తే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు దులుపుతుంది. అది కంట్లో పడితే మంటా, చర్మానికి తగిలితే దురదా. గుత్తిదానికి ఆ నూగు లేదు. దానికి బదులు కోరల్లో విషం గట్టిది. కరిచి మనిషి చచ్చిపోయిన దాఖలా లేదట గానీ, కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపడతారట. పైగా మెరుపులాంటి పరుగు. అసలు మనం పట్టుకోవడం వాటికీ మంచిది కాదు. చేతిలోంచి జారి నేల మీద పడితే పొట్ట పగిలిపోతుంది. ముద్దు చెయ్యడం అంటే మనకి ఎత్తుకోవడమే తెలుసు. వీటి దగ్గర ముద్దంటే దూరంగా ఉండటం. నాకిది అలవాటవడానికి చాలా రోజులు పట్టింది.

సెప్టెంబరులో మనవరాలు పుట్టింది. బాలింతకి స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వెయ్యాలి కదా. మొదటిరోజే ఇంటికప్పులో ఉన్న పొగ గంట మోగి ఇల్లదిరిపోయింది. ఆ పొగ సాలీళ్ళ గదిలోకి పోకుండా తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కేదాన్ని. ఒక పక్క చంటిపిల్ల, ఒక పక్క పచ్చి బాలింత, మేడ మీద ఇవి. ముగ్గురికీ నలుగురికీ పురుడు పోస్తున్నట్టుండేది.

గుత్తిదాన్ని మొదటి నెలంతా నేను సరిగ్గా చూడనేలేదు. పగలు బయటికి రాదు. ఒకరాత్రి రెండు గంటలప్పుడు పాపకి పాలు పట్టడం అయ్యాక, అమ్మాయిని పడుకోమని, పాపని వాళ్ల నాన్న భుజాన వేసి, నీళ్ల సీసా కోసం పైకి వెళ్లాను. అలవాటు కొద్దీ ఆ గదిలోకి తొంగి, చేతిలో ఉన్న చిన్న దీపం ఎత్తాను. బెరడు మీద బయటే ఉంది. అబ్బ, ఏం నీలం! నెమలి మెడ నీలం. కాళ్ల మధ్య మధ్య పసుపుచుక్కలు, వీపు మీద తెల్లటి అల్లిక. గద్వాల చీర అంచు కూడా అలా ఉండదు. నెమలి ఈకలో ఉన్నట్టే దాని ఒంటి మీద కూడా అది నీలిమందు లాంటి రంగు కాదట. సన్నటి నూగు పొరల మీద వెలుగు పడి విరిగి అలా కనబడుతుందట. మరునాటి నుంచి నేను దాన్ని నీలవేణి అన్నాను. ఆడదో మగదో అప్పటికి ఎవరికీ తెలియదు.

అక్టోబరులో ఒకనాడు ముసలమ్మ వెల్లకిలా పడి ఉంది, కాళ్లు పైకి పెట్టి. చచ్చిపోయిందనుకుని అల్లుణ్ణి కేకేశాను. "ముట్టుకోకండి అత్తయ్యా, కుబుసం విడుస్తోంది" అన్నాడు. అలా పడుకున్నదాన్ని చచ్చిందనుకుని పారేసినవాళ్లు ఎంతమందో అట. నెలన్నరగా తిండి మానేసింది అందుకేనన్నమాట. ఆ సమయంలో కీచురాయి ఒక్కటి పెట్టెలో మిగిలి ఉన్నా దీన్నే కొరికేస్తుందట. గంటలకొద్దీ పడుకుని, పాత చొక్కా విప్పినట్టు తోలంతా విడిచి, మెల్లగా బోర్లా తిరిగింది. కోరలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. అవి గట్టిపడేదాకా పది పదిహేను రోజులు తిండి పెట్టకూడదు.

నవంబరులో జరిగింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. తప్పు నాదే. నీలవేణి పెట్టెలో నీళ్లు మారుస్తుంటే మావారి ఫోను వచ్చింది. మూత వేశాను గానీ కొక్కెం తగిలించలేదు. గది తలుపు కూడా వారగానే వదిలేసి కిందికి వచ్చాను. రాత్రి పదకొండింటికి చూస్తే మూత ఒక పక్క వేలెడంత లేచి ఉంది. బెరడు మీద లేదు, గోడ మీద లేదు. అప్పటికి మూడు వారాలుగా అది బయటికి రావడం లేదన్న సంగతి కూడా ఆ కంగారులో గుర్తు రాలేదు. పాప ఉయ్యాల కింద గదిలోనే ఉంది.

అమ్మాయి పాపని గుండెకి కరుచుకుని పక్కింటికి పరుగెత్తింది. వెళుతూ ఒక్క మాట అంది. "నీ గుత్తి నీకు ముద్దయింది కదమ్మా" అని. ఆ మాటకి జవాబు లేదు. పరుపులు దులిపాం, పరదాలు విప్పాం, పాప బట్టలు ఒక్కొక్కటే విదిలించాం. ఒంటిగంట దాటింది. గ్యారేజీలో పురుగుమందు డబ్బా ఉంది. ఎప్పుడు వెళ్లి తెచ్చానో తెలియదు, అది నా చేతిలో ఉంది. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివితే మా కొట్లో అమ్మే బాపతు మందే. ఆ పెట్టెలున్న గదిలో ఒకసారి నొక్కితే చాలు, రెండూ ఉండవు. పాప ముఖం కళ్ల ముందుంది. నొక్కేదాన్నే. అబద్ధం ఎందుకు చెప్పాలి, మూత కూడా తీశాను.

"ఒక్క నిమిషం అత్తయ్యా, బెరడు తీసి చూడలేదు మనం" అన్నాడు అల్లుడు. పొడుగు పట్టుకారుతో బెరడు గొట్టం మెల్లగా పక్కకి జరిపి టార్చి వేశాడు. కింద కొబ్బరిపొట్టులోకి తవ్వుకుని, గొట్టం మూతి సిల్కు గుడ్డ కుట్టినట్టు మూసేసుకుని ఉంది. ఆ గూడు పల్చగా ఉన్నచోట నుంచి లోపల రెండు కనబడ్డాయి. ఒకటి ఖాళీ తోలు. దాని పక్కన కొత్త నీలం. అది ఎక్కడికీ పోలేదు. పురిటిగది తలుపేసుకున్నట్టు లోపల ఉండిపోయింది. ఆ మూత బహుశా నేనే సరిగ్గా నొక్కలేదు. మెట్ల మీద కూలబడిపోయాను. అమ్మాయి నాతో రెండు రోజులు ముభావంగానే ఉంది. దాని తప్పేం లేదు, బాలింత.

తరువాత ఆ కుబుసం లోపలివైపు పరీక్షగా చూసి తెలిసినవాళ్లు ఆడదని చెప్పారు. మగదైతే మూడు నాలుగేళ్ళకి మించి బతకదట. ఆడది పదేళ్లు దాటుతుంది. ముసలమ్మ జాతి ఆడవైతే ఇరవయ్యేళ్ళ దాకా ఉంటాయి. కుర్రాళ్లు సరదాకి కొనుక్కుంటారు గానీ ఇంత ఆయుష్షు ఉంటుందని ఎవరనుకుంటారు? అందుకే ఇన్ని సాలీళ్ళు దిక్కులేనివి అవుతాయి. మేం తీసుకున్నామని తెలిసి జనవరిలో ఇంకొకావిడ ఒక డబ్బాతో వచ్చింది. అమ్మాయి నా వైపు చూసింది. నేను పాప బట్టలు మడతపెడుతున్నట్టు నటించాను. ఆ డబ్బా వెనక్కి వెళ్లిపోయింది. దాని గతి ఏమయిందో నేను అడగలేదు.

తిరిగి వచ్చేముందు నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. నీలవేణిని ఇండియా తీసుకువెళ్లి దాని అడవిలో దానిని వదిలేస్తే? అల్లుడు నవ్వలేదు. 2021 జులైలో మద్రాసు విమానాశ్రయంలో పోలండ్ నుంచి వచ్చిన పార్సిల్లో 107 బతికున్న సాలీళ్ళు దొరికాయని, కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారని చూపించాడు. 2019 నుంచి ఈ జాతి మొత్తాన్ని కాగితాలు లేకుండా దేశం దాటించకూడదని ప్రపంచ దేశాల ఒప్పందం కూడా ఉంది. పైగా ఇది మన అడవిలో పుట్టింది కాదు. ఎప్పుడో ఎవరో దొంగతనంగా పట్టుకుపోయిన వాటి సంతతి, ఏ పరాయి దేశపు పెట్టెలోనో పుట్టి ఉంటుంది. ఇక్కడి రోగం ఏదైనా అక్కడ మిగిలినవాటికి అంటిస్తే? పోనీ అక్కడి చెట్టు మీదే వదులుదామంటే చలికి చస్తుంది. అంచేత కొబ్బరిపొట్టూ బెరడూ మార్చి, కొక్కెం రెండుసార్లు నొక్కి చూసి, ఫిబ్రవరిలో విమానం ఎక్కాను.

వియ్యపురాలికి చివరికి పాప అన్నప్రాశన వీడియోలోనే తెలిసింది. వెనక గాజుపెట్టె కనబడిందట. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం, "మీ గుత్తి చుట్టం ఏం తింటోంది వదినా?" అని ఆవిడే అడుగుతోంది.

2024 కార్తీకంలో మావారూ నేనూ మహానందికి బయలుదేరాం. గిద్దలూరు దాటాక కిటికీ పక్కకి మారాను. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె, ఆ మధ్యంతా అడవే. పాత చెట్టేదైనా కనబడితే తొర్ర ఉందా అని మెడ చాచి చూస్తున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "ఎవరి కోసమమ్మా అట్టా చూస్తన్నావు, ఎవరన్నా స్టేషన్‌కి వస్తామన్నారా?" అని అడిగింది. "సాలీడు కోసం పిన్నిగారూ" అన్నాను. ఆవిడ తన జామపళ్ల సంచీ మెల్లగా దగ్గరికి లాక్కుని, ఇటు ఉన్న కాలు అటు మార్చుకుని కూర్చుంది.